వేడికి అణువులు లావెక్కవు

ఎడిటర్ గారికి,

నమస్కారం. మీ పత్రిక విద్యార్థుల పేజీలో ఈమధ్య ఘన, ద్రవ, వాయు పదార్థాలు వేడెక్కితే ఏమవుతుందో చెప్పే పాఠం ఒకటి వచ్చింది. పక్కన రంగుల బొమ్మ. చల్లని ఇనుప కడ్డీలో చిన్నచిన్న గుండ్రాలు, కాలిన కడ్డీలో అవే గుండ్రాలు రెట్టింపు లావున. కింద 'వేడికి అణువులు వ్యాకోచిస్తాయి' అని ఒక వాక్యం. ఆ వాక్యం తప్పు, బొమ్మ అంతకన్నా తప్పు. వాక్యం పరీక్ష అయిన మర్నాడు మరిచిపోతారు, బొమ్మ మాత్రం ఇంటర్ దాకా పిల్లల తలలో ఉండిపోతుంది. జూన్‌లో బడులు తెరిచాక మన అనంతపురం చుట్టుపక్కల జిల్లాల్లోనూ ఆ పేజీ కత్తిరించి తరగతి గోడకు అంటించే ఉపాధ్యాయులు ఉంటారు గనక కాస్త వివరంగానే రాస్తున్నాం. చోటు చాలకపోతే మాటలు కత్తిరించండి, లెక్కలు మాత్రం ఉంచండి.

వేడెక్కినప్పుడు పెరిగేది అణువు పరిమాణం కాదు, దాని కదలిక. కదలిక పెరగడం వల్ల ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎడం పెరుగుతుంది. కడ్డీ సాగిందంటే ఆ ఎడాలన్నీ తలా కొంచెం పెరిగాయని అర్థం. ఇనుము విషయంలో ఇంకో సవరణ కూడా ఉంది. ఇనుములో విడివిడి అణువులు ఉండవు, పరమాణువులే బారులు తీరి ఉంటాయి. ఉప్పులో అయితే అయాన్లు, అంటే విద్యుదావేశమున్న కణాలు. హైస్కూలు పిల్లలకు అన్నిటినీ కలిపి 'కణాలు' అని చెప్తే చాలు.

'ఘనపదార్థంలో కణాలు కదలవు' అన్నది ఆ పాఠంలోనే రెండో పొరపాటు. కదులుతాయి. ఉన్నచోటనే ఉండి, సెకనుకు పది లక్షల కోట్ల సార్ల లెక్కన అటూ ఇటూ ఊగుతుంటాయి. ఇక్కడే తెలివైన పిల్ల ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఉంది, మన గైడ్లలో దానికి జవాబు కనబడదు. ఎంత ముందుకు ఊగితే అంతే వెనక్కి ఊగుతుంది కదా, మరి ఎడం ఎందుకు పెరగాలి? అడగాల్సిన ప్రశ్నే. ఊగడం రెండువైపులా సమానంగా ఉంటే ఏ వస్తువూ వేడికి సాగదు. అయితే రెండు కణాలు మరీ దగ్గరికి వచ్చినప్పుడు వికర్షణ ఒక్కసారిగా పెరిగిపోతుంది. దూరం జరిగినప్పుడు ఆకర్షణ మాత్రం మెల్లగా సడలుతుంది. అందుకే లోపలివైపు ఊపు తొందరగా ఆగిపోతుంది, బయటివైపు ఊపు ఎక్కువ దూరం పోతుంది. ఊపు పెద్దదయ్యేకొద్దీ సగటు చోటు బయటికి జరుగుతుంది. వ్యాకోచానికి మూలం ఈ హెచ్చుతగ్గే. దీన్ని చెప్పకుండా 'వేడికి సాగుతుంది' అని వదిలేస్తే అది బట్టీ పాఠమే.

గుంతకల్లు జంక్షన్ మన పక్కనే ఉంది, కాబట్టి రైలు పట్టా లెక్క చేయించండి. ఉక్కు ఒక డిగ్రీకి తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు 12 వంతులు పెరుగుతుంది. పట్టా ముక్క పొడవు 13 మీటర్లు అనుకుందాం. చలికాలం రాత్రి 20 డిగ్రీలు, మే మధ్యాహ్నం ఎండలో పట్టా వేడి 60 డిగ్రీలు. తేడా 40. పెరుగుదల 6 మిల్లీమీటర్ల చిల్లర. ఇప్పుడిదే లెక్కను లోపలినుంచి చూడండి. ఇనుములో పక్కపక్క పరమాణువుల మధ్య దూరం సుమారు 0.25 నానోమీటర్లు (నానోమీటరంటే మీటరులో వంద కోట్లో వంతు). అంటే 13 మీటర్ల పట్టా పొడవునా ఒక వరుసలో 5,200 కోట్ల పరమాణువులు. 40 డిగ్రీలకు ఒక్కో ఎడం పెరిగేది 0.00012 నానోమీటర్లు. ఆ రెండూ గుణిస్తే మళ్లీ అదే 6 మిల్లీమీటర్లు వస్తుంది. ఎడం ఎంత స్వల్పంగా పెరిగిందో, మీ బొమ్మలో గుండ్రం ఎంత ఉబ్బిందో పోల్చి చూసుకోండి.

పాతరోజుల్లో పట్టాల అతుకుల దగ్గర సందు వదిలేవారు. ఇప్పుడు కిలోమీటర్ల పొడవునా వెల్డింగ్ చేసేస్తున్నారు కదా, ఆ వ్యాకోచం ఎక్కడికి పోయిందని పిల్లలు అడుగుతారు. ఎక్కడికీ పోలేదు. సాగనివ్వకుండా స్లీపర్లూ కంకరా పట్టి ఉంచుతాయి, సాగలేని పట్టాలో నొక్కుడు పేరుకుంటుంది. మీటరుకు 60 కిలోల పట్టాలో, బిగించిన నాటి కన్నా 30 డిగ్రీలు ఎక్కువైతే, ఆ నొక్కుడు సుమారు 55 టన్నుల బరువుకు సమానం. కంకర పల్చబడిన చోట పట్టా పక్కకు వంకర తిరిగేది అందుకే. గ్యాంగ్‌మెన్ మండుటెండలో పట్టాల వెంట నడిచి చూసేదీ అందుకే.

వలయం, గుండు ప్రయోగం అన్ని బడుల్లోనూ ఉంటుంది. గుండును కాలిస్తే వలయంలో దూరదు అన్నంతవరకు అందరూ చేస్తారు. వలయాన్ని కాలిస్తే? 'ఇనుము లోపలికి కూడా సాగుతుంది కాబట్టి రంధ్రం చిన్నదవుతుంది' అని పిల్లల్లో సగం మంది చెప్తారు, పెద్దల్లోనూ కొందరు చెప్తారు. రంధ్రం పెద్దదే అవుతుంది. రంధ్రం అంచున ఉన్న కణాల మధ్య ఎడం కూడా పెరుగుతుంది కాబట్టి చుట్టుకొలత పెరగక తప్పదు. నమ్మనివాళ్లకు ఎద్దులబండి చక్రం చెప్పండి. కమ్మరి ఇనుప పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, చెక్క చక్రానికి తొడిగి, వెంటనే నీళ్లు చల్లుతాడు. నాలుగున్నర అడుగుల చక్రం పట్టాను 400 డిగ్రీలు వేడెక్కిస్తే చుట్టుకొలత రెండు సెంటీమీటర్ల పైన పెరుగుతుంది, వ్యాసం ఆరేడు మిల్లీమీటర్లు. ఆ సందు చాలు తొడగడానికి. చల్లారాక సుత్తితో కొట్టినా ఊడదు.

ద్రవాల దగ్గర బొమ్మలన్నీ దాదాపు ఒకే తప్పు చేస్తున్నాయి. ఘనంలో గుండ్రాలు ఒత్తుగా, ద్రవంలో సగం పల్చగా, వాయువులో ఇంకా పల్చగా గీస్తారు. ద్రవం అలా మధ్యలో ఉండదు. చాలా పదార్థాలు కరిగినప్పుడు పెరిగే పరిమాణం నూటికి పది పదిహేనుకు లోపే. ద్రవంలోనూ అణువులు ఒకదాన్నొకటి తాకుతున్నంత దగ్గరగానే ఉంటాయి, కాకపోతే వరుస చెదిరి ఒకదాని పక్కనుంచి ఒకటి జారిపోగలవు. నీటి సంగతి ఇంకా తిరకాసు. మంచు కరిగితే పరిమాణం తగ్గుతుంది, 0 నుంచి 4 డిగ్రీల దాకా నీళ్లు ఇంకా దగ్గరపడతాయి, ఆ తర్వాతే సాగడం మొదలు. మంచులో అణువులు హైడ్రోజన్ బంధాల వల్ల మధ్యలో ఖాళీలు వదిలి కూర్చుంటాయి, కరిగాక ఆ ఖాళీలు కొన్ని మూసుకుపోతాయి. అసలు దూరం వచ్చేది వాయువులోనే. నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆవిరైతే పరిమాణం సుమారు 1,700 రెట్లవుతుంది, అంటే అణువుల మధ్య దూరం దాదాపు 12 రెట్లు. మీ ఆర్టిస్టు ద్రవంలో గుండ్రాలను తాకిస్తూ 3 మిల్లీమీటర్ల లావున గీస్తే, వాయువులో పక్క గుండ్రం 3 సెంటీమీటర్లకు పైనే దూరంలో పడాలి. ఆరు సెంటీమీటర్ల చతురస్రంలో నాలుగు గుండ్రాలు పడితే ఎక్కువ. పేజీ బోసిగా ఉందని ఎవరైనా అంటే అననివ్వండి.

ఈ దూరాల తేడావల్లే మూడు స్థితులూ మూడు రకాలుగా సాగుతాయి. ఒక డిగ్రీ వేడికి ఇనుము పరిమాణం (పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటా 12 చొప్పున) పది లక్షల వంతుల్లో 36 వంతులు పెరుగుతుంది. 35 డిగ్రీల దగ్గర ఉన్న నీళ్లు సుమారు 345 వంతులు. గాలి 3,300 వంతులు. మెట్టుకు మెట్టుకు దాదాపు పదింతలు. ఘనంలో పట్టు గట్టిది, ద్రవంలో కొంత సడలింది, వాయువులో పట్టే దాదాపు లేదు. ఈ మూడు అంకెలు నోటికొస్తే తతిమ్మా పాఠం తేలిక.

వాటిని కళ్లకు చూపించడానికి ల్యాబ్ అక్కర్లేదు. రబ్బరు మూత ఉన్న 20 మిల్లీలీటర్ల ఇంజెక్షన్ సీసాలు రెండు, రెండు మిల్లీమీటర్ల లోపలి వెడల్పున్న పారదర్శకమైన సన్న గొట్టం అడుగు పొడవున, ఒక థర్మామీటరు, కొంచెం రంగు ఉంటే చాలు. సీసాలను సబ్బుతో బాగా కడగండి. రబ్బరు మూతకు కాల్చిన మేకుతో గొట్టం లావుకన్నా కాస్త సన్నగా రంధ్రం చేసి గొట్టాన్ని దూర్చండి. గొట్టం మూత అడుగుకు సమంగా ఉండాలి, లోపలికి పొడుచుకు రాకూడదు. మొదటి సీసాను కాచి చల్లార్చిన రంగునీళ్లతో అంచుదాకా నింపి, మూత పెట్టి నొక్కితే నీళ్లు గొట్టంలో రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కుతాయి. అక్కడ స్కెచ్ పెన్నుతో గీత గీయండి. నీళ్లను ముందు కాచమనడం ఊరికే కాదు. పచ్చినీళ్లలో కరిగి ఉన్న గాలి వేడికి బుడగలై బయటికొస్తుంది. మిల్లీలీటరు గాలిబుడగ ఉన్నా 20 డిగ్రీలకు అది సాగేదే నీళ్లు సాగినదాంట్లో సగానికి పైన, లెక్కంతా తారుమారు.

ఈ సీసాను 25 డిగ్రీల నుంచి తీసి 45 డిగ్రీల వేడినీళ్లున్న గిన్నెలో మెడదాకా ముంచండి. గిన్నెలో కనీసం అర లీటరు ఉండాలి, లేకపోతే సీసాయే దాన్ని చల్లార్చేస్తుంది. మొదటి కొన్ని క్షణాలు నీటిమట్టం పెరగకపోగా ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగుతుంది. కంగారు పడొద్దు, ప్రయోగం చెడలేదు. వేడి ముందు గాజుకు తగిలింది, సీసా సాగి లోపల చోటు పెరిగింది. రంధ్రం పెద్దదవుతుందని బండి చక్రం దగ్గర చెప్పిన మాటే ఇది. తర్వాత మట్టం ఎక్కడం మొదలై ఐదు నిమిషాల్లో సుమారు 4 సెంటీమీటర్లు పెరిగి నిలుస్తుంది. పెద్ద సీసా అయితే బాగా కనిపిస్తుందని 100 మిల్లీలీటర్లది వాడితే మట్టం 20 సెంటీమీటర్లు లేచి గొట్టం పైకొసకు దగ్గరవుతుంది, వేడి ఇంకాస్త ఎక్కువైతే పొర్లిపోతుంది. సీసాను నేరుగా మంటమీద పెట్టొద్దు, 60 డిగ్రీలు దాటించొద్దు. జ్వరం చూసే థర్మామీటరును మాత్రం ఆ వేడినీళ్ల దగ్గరికి కూడా రానివ్వకండి. అది 42 డిగ్రీల దాకా కొలవడానికి చేసింది, పైన పాదరసానికి చోటులేక గాజు పగులుతుంది. పాదరసం చిందితే చేత్తో ఏరడం, చీపురుతో ఊడ్వడం రెండూ ప్రమాదమే.

రెండో సీసాలో గాలి తప్ప ఏమీ ఉండదు. గొట్టం మధ్యలో సబ్బు కలిపిన రంగునీటి బొట్టు ఒకటి నిలపండి. సబ్బు లేకపోతే బొట్టు గొట్టానికి అంటుకుని కదలదు, పిల్లలు గాలి సాగలేదనుకుంటారు. ఇప్పుడు సీసాను అరచేతులతో పట్టుకుంటే చాలు. మూడు డిగ్రీలు పెరిగితే బొట్టు ఆరు సెంటీమీటర్లు పైకి పోతుంది. నీళ్లకు 20 డిగ్రీలిస్తే వచ్చింది నాలుగే సెంటీమీటర్లు. రెండు సీసాలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆ పదింతల తేడాకు వేరే వివరణ అక్కర్లేదు. మన జిల్లాల్లో ఒక చిక్కుంది. ఎండాకాలం మధ్యాహ్నం తరగతి గదిలో వేడి 38, 40 డిగ్రీలుంటే చేతి చర్మం వేడి అంతకన్నా తక్కువే ఉంటుంది. అప్పుడు సీసా పట్టుకుంటే బొట్టు కిందికి దిగుతుంది, ఉపాధ్యాయుడు తెల్లమొహం వేస్తాడు. పొద్దున ప్రార్థన అయిన వెంటనే చేయండి. మధ్యాహ్నమే చేయాల్సి వస్తే బొట్టు కిందికి ఎందుకు దిగిందో పిల్లల చేతనే చెప్పించండి, పాఠం ఇంకా బాగుంటుంది.

వేగాల సంగతి. '20 డిగ్రీల నుంచి 40కి వేడిచేస్తే అణువుల వేగం రెట్టింపవుతుంది' అని రాసే పిల్లలు ఎక్కువ. సెల్సియస్ సున్నా అసలు సున్నా కాదు. కెల్విన్‌లో (సెల్సియస్‌కు 273 కలిపితే వచ్చే కొలతలో) లెక్కిస్తే అవి 293, 313. వేగం కెల్విన్ ఉష్ణోగ్రత వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి తేడా నూటికి మూడున్నర కూడా ఉండదు. జనవరి పొద్దున 15 డిగ్రీలకూ మేలో 43 డిగ్రీలకూ మధ్య గాలి అణువుల సగటు వేగంలో తేడా 5 శాతం లోపే. 27 డిగ్రీల వేగాన్ని రెట్టింపు చేయాలంటే 927 డిగ్రీలకు తీసుకెళ్లాలి. 27 డిగ్రీల దగ్గర నైట్రోజన్ అణువు సగటు వేగం సెకనుకు సుమారు 475 మీటర్లు, ధ్వని కన్నా ఎక్కువ. మరి గది మూలలో వెలిగించిన అగరబత్తి వాసన ఆ క్షణమే ఎందుకు రాదు? ప్రతి అణువూ నానోమీటర్లలో ఓ 70 దూరం పోగానే ఇంకోదాన్ని గుద్దుకుంటుంది, సెకనుకు ఏడు వందల కోట్ల సార్ల దాకా దారి మారుస్తుంది. నిజానికి ఆ వాసన మన దాకా వచ్చేది ఎక్కువగా గాలి కదలిక వల్లే.

ఇలాంటి పొరపాటే నీళ్లలో సిరా చుక్క ప్రయోగంలోనూ జరుగుతోంది. వేడినీళ్లలో చుక్క అర నిమిషంలో అంతా పాకితే, అదే అణువుల వ్యాపనం అని చెప్తున్నారు. అందులో ఎక్కువ వంతు నీటి ప్రవాహం. నిశ్చలమైన నీళ్లలో రంగు అణువులు వాటంతట అవి ఒక సెంటీమీటరు పాకడానికి సగం రోజుకు పైనే పడుతుంది. వ్యాపనమే చూపించాలంటే ప్రవాహాన్ని ఆపాలి. చిక్కగా కాచిన అగర్ అగర్ లేదా జెలటిన్ గడ్డకట్టాక పైన పొటాషియం పర్మాంగనేట్ పలుకు ఒకటి పెట్టి, గంటగంటకూ స్కేలుతో కొలవండి. జెలటిన్ అయితే మన ఎండకు కరిగిపోతుంది, అగర్ అగరే మేలు.

స్థితి మారేటప్పుడు వేడి ఇస్తూ ఉన్నా ఉష్ణోగ్రత పెరగకపోవడం పిల్లలకు మింగుడుపడదు. 100 గ్రాముల మంచు కరగడానికి 8,000 కేలరీలు కావాలి. అంతే వేడి కరిగిన నీళ్లకిస్తే 0 నుంచి 80 డిగ్రీలకు పోతాయి. కరిగేటప్పుడు ఆ వేడి కణాల వేగం పెంచడానికి కాక, వాటి పట్టు విడదీయడానికి ఖర్చవుతుంది. మంచు కరిగించి చూపే ప్రయోగంలో థర్మామీటరు ఎప్పుడూ 0 దగ్గర నిలవదని ఫిర్యాదు. మంచును గోళీకాయలంత ముక్కలు చేయకపోవడం, కలపకపోవడం, థర్మామీటరు బల్బు గిన్నె అడుగును తాకడం, ఈ మూడే కారణాలు. ఇక మరిగే నీళ్లలో థర్మామీటరు 99 చూపిస్తే దాన్ని పారేయకండి. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్లు మరిగేది 99 దగ్గరే. పరీక్ష కోసం 100 అని రాయించి, చూసింది 99 అని పక్కన రాయించండి. మరిగే నీళ్లలో పెద్ద బుడగలు గాలి అనో, హైడ్రోజన్, ఆక్సిజన్ అనో చాలామంది అనుకుంటారు. మొదట్లో గిన్నె గోడలకు పట్టే సన్న బుడగలు మాత్రమే గాలి. పొంగి పైకొచ్చేవి నీటి ఆవిరి. అణువులు విడిపోయాయే తప్ప విరగలేదు.

పైన చెప్పిన 1,700 రెట్లు చూడాలంటే ఉగ్గాణికి వాడే బొరుగుల (మరమరాల) దగ్గరికి పోవాలి. ఉప్పునీళ్లు పట్టించి ఆరబెట్టిన ఉప్పుడు బియ్యంలో నూటికి పది వంతుల దాకా నీళ్లుంటాయి. బట్టీలో కాలిన ఇసుకలో పోయగానే ఆ నీళ్లు ఒక్కసారిగా ఆవిరై, బయటికి పోయే సందులేక, మెత్తబడిన గింజను ఉబ్బిస్తాయి. ఇసుక వేడి చాలకపోతే ఆవిరి మెల్లగా కారిపోతుంది, గింజ మాడుతుందే కానీ పొంగదు. బియ్యం మరీ ఆరిపోయినా అంతే. పచ్చిగా ఉంటే గింజ గట్టిపడి పంటికింద రాయిలా తగులుతుంది. ఇక్కడ కూడా గింజ లావైందే తప్ప అందులోని ఏ అణువూ లావు కాలేదు.

మట్టికుండ కథ దీనికి తిరగేసినది. కుండ పైతలం నుంచి ముందుగా తప్పించుకునేవి వేగం ఎక్కువున్న అణువులు. అవి పోగా మిగిలినవాటి సగటు తగ్గుతుంది, అదే చల్లదనం. ఒక గ్రాము నీళ్లు ఆవిరైతే సుమారు 580 కేలరీలు పోతాయి, అంటే 100 గ్రాముల నీళ్లు దాదాపు ఆరు డిగ్రీలు చల్లబడతాయి. మన పొడిగాలికి కుండ చేసే పని ఉక్కపోసే కోస్తాలో చేయలేదు. బోరునీళ్లలో ఉప్పులు ఎక్కువైన ఊళ్లలో రెండు మూడు నెలలకు కుండకు తెల్లని పొర కట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. రంగులు పూసిన కుండ మొదటిరోజు నుంచే పనిచేయదు.

బడి బయట సంగతులు కొన్ని. ఎండాకాలం రాగానే ట్యాంకు నిండా పెట్రోలు పోయిస్తే పేలుతుందనే మెసేజ్ ఫోన్లలో తిరుగుతుంది. పెట్రోలు ఒక డిగ్రీకి వెయ్యిలో ఒక వంతు కన్నా కొంచెం తక్కువ సాగుతుంది. పది లీటర్ల ట్యాంకులో 15 డిగ్రీలకు పెరిగేది 140 మిల్లీలీటర్లు. ఆ చోటు ట్యాంకులో ముందే వదిలి ఉంటుంది. నాజిల్ తనంతట తాను ఆగాక మూత అంచుదాకా కుక్కించుకోకపోతే చాలు. తెల్లవారుజామున పోయిస్తే ఎక్కువ వస్తుందన్నదీ ఉత్తమాటే. బంకులో ట్యాంకు భూమిలో ఉంటుంది, పూటపూటకూ దాని వేడి చెప్పుకోదగ్గంత మారదు.

కారు టైరు పొద్దున 30 డిగ్రీల దగ్గర గాలి ఒత్తిడి 33 పాయింట్లు (పీఎస్ఐ) ఉంటే, హైవే మీద పోయి 60 డిగ్రీలకు వేడెక్కాక 37, 38 చూపిస్తుంది. మీటరు చూపేది బయటి గాలి ఒత్తిడి కన్నా ఎంత ఎక్కువో అది మాత్రమే, దానికి ఇంకో 14.7 కలిపి కెల్విన్‌లో లెక్కిస్తే సరిగ్గా కుదురుతుంది. ఎక్కువైందని వేడిమీద గాలి తీయించేవాళ్లున్నారు. చల్లారాక అది 28, 29కి పడిపోతుంది, మర్నాడు టైరు పక్కలు ఎక్కువ నలిగి మరింత వేడెక్కుతుంది. గాలి చూపించుకోవాల్సింది బండి తీయకముందే.

గ్యాస్ సిలిండరులో ఉండేది ఎక్కువగా ద్రవం, పైన కొంత వాయువు. ద్రవం ఉన్నంతకాలం లోపలి ఒత్తిడి ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది, సిలిండరు నిండుగా ఉన్నా సగమున్నా తేడా లేదు. పూర్తిగా ద్రవంతో నింపరు. వేడికి ద్రవం సాగి పైనున్న ఆ చోటు కూడా నిండిపోతే తర్వాత ప్రతి డిగ్రీకీ ఒత్తిడి విపరీతంగా ఎగబాకుతుంది. సిలిండరును మిద్దెమీద ఎండలో పెట్టకూడదనడం ఇందుకే.

చివరిగా డ్రిప్పు, అంటే బిందు సేద్యం. అనంతపురం జిల్లాలో చీనీ (బత్తాయి) తోటల నుంచి టమోటా దాకా ఇది బాగా వాడుకలో ఉంది, ఇందులో జరిగే నష్టానికి మాత్రం అందరూ పైపు నాణ్యతనే తిడతారు. నల్లని పాలిథీన్ లాటరల్ (మొక్కల వరుస వెంట పరిచే సన్న గొట్టం) మీటరుకు డిగ్రీకి సుమారు 0.2 మిల్లీమీటర్లు సాగుతుంది, ఉక్కు కన్నా పదిహేను రెట్లకు పైన. పొడవైన గొలుసు అణువులు ఒకదానితో ఒకటి బలహీనంగా పట్టుకుని ఉండటమే కారణం. మధ్యాహ్నం ఎండలో 58 డిగ్రీలున్న 60 మీటర్ల లాటరల్‌ను బిగదీసి పరిచారనుకోండి. తెల్లవారుజామున 28 డిగ్రీలకు వచ్చేసరికి అది 36 సెంటీమీటర్లు కుంచించుకోవాలి. కుంచించుకునే చోటు లేకపోతే సబ్‌మెయిన్ (లాటరళ్లకు నీళ్లందించే పెద్ద పైపు) దగ్గర గ్రోమెట్ అనే రబ్బరు బిగింపులోంచి టేకాఫ్ (లాటరల్‌ను పైపుకు కలిపే ముక్క) ఊడి వస్తుంది, పొద్దున మోటారు వేయగానే నీళ్లన్నీ ఒకే చోట. ఊడకపోతే గొట్టం కొసనుంచి వెనక్కి లాగుకుంటుంది. డ్రిప్పర్ల మధ్య దూరం 40 సెంటీమీటర్లయితే చివరి మొక్కల దగ్గర డ్రిప్పర్ దాదాపు ఒక మొక్క దూరం తప్పుతుంది. లాటరల్ పరచడం పొద్దునే పెట్టుకోండి. పరిచాక ఒకసారి నీళ్లు పారించి గొట్టం చల్లబడ్డాకే మేకులు వేయండి, మేకు గొట్టాన్ని నొక్కిపట్టకూడదు, అటూఇటూ జారనివ్వాలి. మధ్యాహ్నమే పరచక తప్పకపోతే పాము మెలికలా వదులుగా వేసి, కొసన మూసే ఎండ్ క్యాప్ దగ్గర రెండడుగులు అదనంగా వదలండి.

ఇట్లు,
భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు కొందరు,
అనంతపురం